ఎవరితోనో, ఎవరితోనైనా, ఎవరితోనూ: ఈ మూడింటినీ ఇంగ్లీషులో తప్పు లేకుండా చెప్పడం ఎలా?

అమీర్‌పేటలో సాయంత్రం బ్యాచ్‌లకు ఇంగ్లీషు చెబుతాను. కొత్త బ్యాచ్ మొదలైన రోజున బోర్డు మీద మూడు తెలుగు మాటలు రాస్తాను: ఎవరితోనో, ఎవరితోనైనా, ఎవరితోనూ. వీటిని ఇంగ్లీషులో చెప్పమంటే చాలామంది మూడింటికీ ‘విత్ ఎనీబడీ’ అనే అంటారు. తెలుగులో ఈ మూడింటినీ ఒకదాని బదులు మరొకటి వాడే మనిషి ఒక్కరూ ఉండరు. అంటే తేడా వాళ్లకు తెలియక కాదు, తెలిసిన తేడాను ఇంగ్లీషులోకి తీసుకెళ్లే దారి ఎవరూ చూపించకపోవడం వల్ల ఈ చిక్కు వస్తోంది. ఆ దారిని మెట్టు మెట్టుగా చూపించడానికే ఈ వ్యాసం.

ముందు రెండు పారిభాషిక పదాలు. ఫలానా మనిషి, ఫలానా వస్తువు అని తేల్చి చెప్పని ‘సమ్‌వన్’, ‘ఎనీథింగ్’, ‘నోబడీ’, ‘ఎవ్రీవన్’, ‘ఈచ్’, ‘నన్’ వంటి మాటలను ఇండెఫినిట్ ప్రొనౌన్లు అంటారు, మన వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే అనిర్దిష్ట సర్వనామాలు. ‘విత్’, ‘టు’, ‘ఫర్’, ‘ఆఫ్’ వంటి ప్రిపోజిషన్‌తో మొదలై, దాని వెంట వచ్చే నామంతోనో సర్వనామంతోనో పూర్తయ్యే పదబంధం ప్రిపోజిషనల్ ఫ్రేజ్. తెలుగులో విభక్తి మాట వెనక వస్తే, ఇంగ్లీషులో ప్రిపోజిషన్ మాట ముందు వస్తుంది. ఇది అందరూ బడిలో విన్నదే. అసలు చిక్కు అక్కడ లేదు.

మొదటి మెట్టు: తోకను పట్టుకోండి

‘ఎవరితోనో’ అనే మాటను విడదీసి చూడండి. మొదట ‘ఎవరి’, తర్వాత విభక్తి ‘తో’, అన్నిటికంటే చివర ‘ఓ’. ‘ఎవరితోనైనా’లో చివర ఉన్నది ‘ఐనా’, ‘ఎవరితోనూ’లో ‘ఊ’. ముందున్న ‘ఎవరితో’ మూడింటిలోనూ ఒకటే, అర్థాన్ని మార్చేదల్లా తోక. ఇంగ్లీషులో ఆ తోక చేసే పనిని ‘సమ్’, ‘ఎనీ’, ‘నో’ అనే ముక్కలు చేస్తాయి. అవి చివర కాకుండా ప్రిపోజిషన్‌కూ ‘వన్’, ‘బడీ’, ‘థింగ్’ అనే మాటలకూ మధ్యన కూర్చుంటాయి. కాబట్టి అనువాదాన్ని ‘ఎవరి’తో మొదలుపెట్టకండి. ముందు తోక ఏదో చూసుకోండి, తర్వాత విభక్తి, ఆ తర్వాత మనిషా వస్తువా అన్నది.

తోక ‘ఓ’ అయితే పని సులువు. జరిగిన సంగతి నిజం, మనిషో వస్తువో ఉన్న మాటా నిజం, ఎవరో ఏమిటో మాత్రం మనకు తెలియదు లేదా చెప్పదలచుకోలేదు. అక్కడ ఎప్పుడూ ‘సమ్’ వస్తుంది. ‘ఆమె ఎవరితోనో మాట్లాడుతోంది’ అంటే ‘షి ఈజ్ టాకింగ్ టు సమ్‌వన్’. ‘వాడు దేనికోసమో వెతుకుతున్నాడు’ అంటే ‘హి ఈజ్ లుకింగ్ ఫర్ సమ్‌థింగ్’. ఇక్కడ ‘ఎనీ’ పెట్టారంటే అది తప్పే, మరో ఆలోచన అక్కర్లేదు.

ఇక్కడ హైదరాబాదు వాళ్లకు ఒక హెచ్చరిక చేయాలి. మనలో చాలామందిమి ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో ఉర్దూ మీదుగా నడిపిస్తాం. ఉర్దూలో ‘కిసీ సే బాత్ కర్ రహా హై’ అన్నా, ‘కిసీ సే నహీఁ బోలా’ అన్నా ‘కిసీ సే’ మారదు. తెలుగు చూపించే తేడా అక్కడ ఒకే మాటలో కలిసిపోతుంది. ఈ ఒక్క విషయంలో ఉర్దూ దారి వదిలి తెలుగు దారి పట్టడం మేలు.

రెండో మెట్టు: ‘ఐనా’ను నమ్మకండి

విద్యార్థులను ఎక్కువగా తప్పుదారి పట్టించే తోక ఇదే. నగరంలో వినబడే తెలుగులో ఇది ‘అన్న’ అవుతుంది: ‘ఎవరినన్న అడుగు’, ‘ఏమన్న తిను’. రూపం ఏదైనా, దీనికి ‘ఎనీ’ అనే ఒక్క అర్థమే ఉందని బట్టీ పడితే సగం వాక్యాలు తప్పుతాయి.

ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి. ‘ఈ ఫారం నింపడం రాకపోతే కౌంటర్‌లో ఎవరినైనా అడగండి, అందరికీ తెలుసు.’ ‘నాకు బాగా లేదు, ఎవరితోనైనా మందులు పంపించు.’ తోక రెండింటిలోనూ ఒకటే. మొదటిదానిలో ఎవరిని అడిగినా ఫరవాలేదన్న స్వేచ్ఛ ఉంది. రెండోదానిలో ఆ స్వేచ్ఛ గురించిన మాటే లేదు, ఎవరో ఒకరు వస్తే పని జరుగుతుంది, అంతే. అందుకే మొదటిది ‘ఆస్క్ ఎనీవన్ ఎట్ ది కౌంటర్’, రెండోది ‘సెండ్ ది మెడిసిన్స్ విత్ సమ్‌వన్’.

తేల్చుకోవడానికి నేను క్లాసులో వాడే పరీక్ష ఒకటుంది. మీ తెలుగు వాక్యంలో ‘ఐనా’ పక్కన ‘సరే’ చేర్చి చూడండి. ‘ఎవరినైనా సరే అడగండి’ అన్నప్పుడు మీ ఉద్దేశం మారకపోతే అది ‘ఎనీ’. అలా కాకుండా ‘ఎవరో ఒకరితో పంపించు’ అని మార్చినప్పుడే మీ ఉద్దేశం నిలబడితే అది ‘సమ్’. ‘రేపు ఎవరితోనైనా మాట్లాడి చెబుతాను’ అన్న వాక్యానికి ఈ పరీక్ష పెట్టండి. ఎవరితోనైనా సరే మాట్లాడతానని మీరనడం లేదు, ఎవరో ఒకరితో మాట్లాడతానంటున్నారు. కాబట్టి ‘ఐ విల్ టాక్ టు సమ్‌వన్ టుమారో’.

ప్రశ్నల్లో మాత్రం పరిస్థితి కొంచెం వేరు. ‘దీని గురించి ఎవరితోనైనా మాట్లాడావా?’ అని జవాబు తెలియక అడిగితే ‘డిడ్ యు టాక్ టు ఎనీవన్ అబౌట్ దిస్?’ అనాలి. అవునన్న జవాబును ఎదురుచూస్తూ అడిగినా, మర్యాదకు ఏదైనా ఇవ్వబోతూ అడిగినా ‘సమ్’ వస్తుంది. ఇంటికొచ్చిన చుట్టానికి ఇరానీ చాయ్ పోసి ‘చాయ్‌తో ఏమన్న తీసుకుంటరా?’ అని అడిగేవాళ్లు ‘వుడ్ యు లైక్ సమ్‌థింగ్ విత్ యువర్ టీ?’ అనడమే సహజం. అక్కడ ‘ఎనీథింగ్’ అంటే వ్యాకరణం ఒప్పుకుంటుంది కానీ, ప్లేటులో ఉస్మానియా బిస్కెట్లు అప్పటికే పెట్టి ఉంచిన ఆతిథ్యం ఆ మాటలో కనబడదు.

మూడో మెట్టు: ‘కాదు’ను ఒక్కసారే లెక్కపెట్టండి

‘ఊ’ తోక తెలుగులో వ్యతిరేక క్రియను వెంట తెచ్చుకుంటుంది. ‘ఎవరితోనూ చెప్పలేదు’ అంటాం తప్ప ‘ఎవరితోనూ చెప్పాను’ అనం. ‘ఊ’కు తనంతట తానుగా వ్యతిరేకార్థం లేదు, దాన్ని మోసేది క్రియ. ఇంగ్లీషులో ‘నో వన్’, ‘నథింగ్’ మాత్రం వ్యతిరేకార్థాన్ని తమలోనే దాచుకుని వస్తాయి. వాటి పక్కన మళ్లీ ‘డిడ్ నాట్’ పెడితే ప్రామాణిక ఇంగ్లీషు లెక్క ప్రకారం రెండు ‘కాదు’లవుతాయి.

ఈ తప్పు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాస్‌వర్డ్ బయటికి పొక్కిందని మా పైఅధికారి అందరికీ ఉత్తరం రాస్తే, నా నిజాయితీని నొక్కి చెప్పాలన్న ఆత్రంలో ‘ఐ డిడ్ నాట్ షేర్ ఇట్ విత్ నోబడీ’ అని జవాబిచ్చాను. ఆయన నన్ను పిలిచి నెమ్మదిగా ‘అయితే ఎవరితో షేర్ చేశావు బాబూ?’ అని అడిగారు. నవ్వుతూనే అడిగారు గానీ, ఆ వాక్యం ఈనాటికీ నాకు గుర్తుంది.

సరైన రూపాలు రెండున్నాయి. క్రియలో ‘నాట్’ ఉంటే పదబంధంలో ‘ఎనీ’: ‘ఐ డిడ్ నాట్ షేర్ ఇట్ విత్ ఎనీవన్’. క్రియలో ‘నాట్’ లేకపోతే పదబంధంలో ‘నో’: ‘ఐ షేర్డ్ ఇట్ విత్ నో వన్’. అర్థం ఒకటే, బరువు వేరు. మొదటిది రోజువారీ మాట, రెండోది గట్టిగా నొక్కి చెప్పే మాట. మామూలు మెయిల్‌లో మొదటిదే రాయండి. పదబంధాన్నే వాక్యం మొదటికి తెచ్చి నొక్కదలిస్తే ‘ఎనీ’ పనికిరాదు, ‘నో’ మాత్రమే వస్తుంది, పైగా సహాయక క్రియ కర్త ముందుకు దూకుతుంది: ‘టు నో వన్ డిడ్ హి రివీల్ ది సీక్రెట్’. ఇది గ్రంథస్థమైన శైలి. చదివినప్పుడు అర్థమైతే చాలు, రాయవలసిన అవసరం అరుదు.

వ్యతిరేకార్థం ‘నాట్’లోనే ఉండనక్కర్లేదు. ‘వితౌట్’లో ఉంది, ‘నెవర్’లో ఉంది, ‘హార్డ్లీ’లో ఉంది. మనం ‘ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు’ అన్నప్పుడు ‘కుండా’ మోసే పనిని ఇంగ్లీషులో ‘వితౌట్’ మోస్తుంది కాబట్టి దాని తర్వాత ‘ఎనీ’ రావాలి: ‘హి లెఫ్ట్ వితౌట్ టెల్లింగ్ ఎనీవన్’. ‘వితౌట్ టెల్లింగ్ నోబడీ’ అనడం పాస్‌వర్డ్ కథకు తోబుట్టువే.

ఇదే మెట్టు మీద ఇంకో గుంట ఉంది. ‘అందరితోనూ మాట్లాడాను’లో కూడా చివర ‘ఊ’ ఉంది కానీ అక్కడ అది పూర్తిగా అందరినీ కలుపుకొనేది, కాబట్టి ‘టు ఎవ్రీవన్’. తోకను ఒంటరిగా చూడకుండా క్రియతో కలిపి చూడమనడానికి కారణం ఇదే. ‘ఐ డిడ్ నాట్ స్పీక్ టు ఎవ్రీవన్’ అంటే ఎవరితోనూ మాట్లాడలేదని కాదు, అందరితో మాట్లాడలేదు, కొందరితోనే మాట్లాడానని.

నాలుగో మెట్టు: ప్రిపోజిషన్‌ను విభక్తి నుంచి తీయకండి

‘కి’ అంటే ‘టు’, ‘తో’ అంటే ‘విత్’, ‘మీద’ అంటే ‘ఆన్’ అనే పట్టిక మనందరి బుర్రల్లో అచ్చుపడి ఉంది. కొన్నిచోట్ల అది కలిసొస్తుంది. ‘ఎవరిమీదనో ఆధారపడు’ అంటే ‘డిపెండ్ ఆన్ సమ్‌వన్’. కానీ ప్రిపోజిషన్‌ను నిర్ణయించేది ఇంగ్లీషు క్రియో విశేషణమో తప్ప మన విభక్తి కాదు. ‘ఎవరిమీదనో కోపంగా ఉంది’ అన్నది ‘యాంగ్రీ విత్ సమ్‌వన్’ అవుతుంది. ‘దేనికో భయపడుతోంది’ అన్నది ‘అఫ్రేడ్ ఆఫ్ సమ్‌థింగ్’ అవుతుంది. ‘ఎవరితోనో పెళ్లయింది’ అన్నది ‘మ్యారీడ్ టు సమ్‌వన్’ అవుతుంది, ‘విత్’ కాదు.

మరికొన్ని చోట్ల మన విభక్తికి బదులుగా ఇంగ్లీషులో ఏమీ ఉండదు. ‘ఎవరికో ఫోన్ చేశాను’ అంటే ‘ఐ కాల్డ్ సమ్‌వన్’, మధ్యలో ‘టు’ లేదు. ‘ఎవరికైనా తెలియజేయి’లో ‘ఇన్‌ఫామ్ సమ్‌వన్’, ‘దేని గురించో చర్చించారు’లో ‘దే డిస్కస్డ్ సమ్‌థింగ్’. ఈ చివరిదాని వెనక ‘అబౌట్’ తగిలించడం మన ఆఫీసుల్లో ఎంత పాతుకుపోయిందంటే, తీసేసి రాస్తే పక్కవాళ్లు ఏదో మరిచిపోయావంటారు. స్థలానికీ ఇదే వరస. ‘ఎక్కడికో వెళ్తున్నాడు’ అన్నప్పుడు ‘హి ఈజ్ గోయింగ్ సమ్‌వేర్’ చాలు, ‘టు’ అక్కర్లేదు. ‘ఎక్కడినుంచో వచ్చాడు’ అన్నప్పుడు మాత్రం ‘ఫ్రమ్ సమ్‌వేర్’ అనక తప్పదు.

కాబట్టి క్రియ నేర్చుకునేటప్పుడే దాని ప్రిపోజిషన్‌ను, వెనక ‘సమ్‌వన్’ లేదా ‘సమ్‌థింగ్’ పెట్టి, ఒకే ముద్దగా నోట్‌బుక్‌లో రాసుకోండి: ‘వెయిట్ ఫర్ సమ్‌వన్’, ‘లిజన్ టు సమ్‌వన్’, ‘గుడ్ ఎట్ సమ్‌థింగ్’. నిఘంటువులు కూడా చాలావరకు ఈ పద్ధతిలోనే చూపిస్తాయి.

ఐదో మెట్టు: ‘ఆఫ్’ దగ్గర నిలబడి క్రియను చూడండి

‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అన్న మాట హైదరాబాదు ఇంగ్లీషులో ఎంతగా వినబడుతుందో చెప్పనక్కర్లేదు. తెలుగులో ‘మా ఫ్రెండ్ ఒకడు’ అని ఏకవచనంతో మొదలుపెట్టే అలవాటు ఇందులో కొంత ఉందని నా అనుమానం. ఇంగ్లీషులో ‘ఆఫ్’ అనేది గుంపులోంచి తీయడం. గుంపు ఉండాలంటే బహువచనం ఉండాలి: ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్’. 1591లో కట్టిన చార్మినార్ గురించి రాసేటప్పుడు కూడా ‘వన్ ఆఫ్ ది ఓల్డెస్ట్ బిల్డింగ్స్’ అనాలి.

తర్వాత వచ్చే క్రియ మాత్రం ‘ఫ్రెండ్స్’ను చూడదు, ‘వన్’ను చూస్తుంది: ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్ కమింగ్’. ఇక్కడ మన మర్యాద మనల్ని దెబ్బకొడుతుంది. ‘మా స్నేహితుల్లో ఒకరు వస్తున్నారు’ అన్నప్పుడు ఒక్క మనిషికే బహువచన క్రియ వాడతాం, ఆ ‘న్నారు’ ఇంగ్లీషులోకి ‘ఆర్’ అయి జారుతుంది. ‘ఈచ్’ కూడా ఏకవచనమే. మెట్రోలోని ఎరుపు, నీలం, ఆకుపచ్చ మార్గాల గురించి చెబితే ‘ఈచ్ ఆఫ్ ది త్రీ లైన్స్ హ్యాజ్ ఎ కలర్’. రెండింటిలో ఏదైనా అనడానికి ‘ఐదర్ ఆఫ్’, ఏదీ కాదనడానికి ‘నైదర్ ఆఫ్’: అమీర్‌పేటలో కలిసే ఎరుపు, నీలం మార్గాల్లో ఏదీ చార్మినార్ దాకా వెళ్లదు కాబట్టి ‘నైదర్ ఆఫ్ ది టు లైన్స్ గోస్ టు చార్మినార్’. మూడూ అంతకు మించీ ఉంటే ‘నైదర్’ బదులు ‘నన్’.

ఐదు మాటలు ఈ నియమానికి లొంగవు: సమ్, ఎనీ, నన్, ఆల్, మోస్ట్. ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపితే ‘సనమ్’ అవుతుంది. ఉర్దూలో సనమ్ అంటే ప్రియమైన మనిషి కాబట్టి మన ఊరి విద్యార్థులు దీన్ని ఒక్కసారి వింటే మరిచిపోరు. ఈ ఐదింటి విషయంలో క్రియ ‘ఆఫ్’ దాటి వెనకనున్న నామాన్ని చూస్తుంది. ‘సమ్ ఆఫ్ ది బిర్యానీ ఈజ్ లెఫ్ట్’, కానీ ‘సమ్ ఆఫ్ ది ప్లేట్స్ ఆర్ డర్టీ’. బిర్యానీని లెక్కపెట్టలేం, ప్లేట్లను లెక్కపెట్టగలం. ‘నన్ ఆఫ్’ తర్వాత లెక్కించగల బహువచనం వస్తే ‘ఈజ్’, ‘ఆర్’ రెండూ వాడుకలో ఉన్నాయి. పరీక్షలో మాత్రం మీ పాఠ్యపుస్తకం ఏది చెబితే దాన్నే పాటించండి.

‘ఆఫ్’కు మరో పట్టుదల కూడా ఉంది. దాని వెనక వచ్చే నామానికి ‘ది’, ‘మై’, ‘దీజ్’ వంటి గుర్తు ఉండాలి. ‘సమ్ ఆఫ్ స్టూడెంట్స్’ తప్పు, ‘సమ్ స్టూడెంట్స్’ లేదా ‘సమ్ ఆఫ్ ది స్టూడెంట్స్’ అనండి. సర్వనామమైతే ‘ఆఫ్’ తప్పనిసరి: ‘బోత్ ఆఫ్ దెమ్’, ‘ఆల్ ఆఫ్ అస్’. మనలో ప్రతి ఒక్కరూ అనడానికి ‘ఎవ్రీ వన్ ఆఫ్ అస్’ అని రెండు మాటలుగా విడదీసి రాయాలి. కలిపి రాసిన ‘ఎవ్రీవన్’, ‘సమ్‌వన్’, ‘ఎనీవన్’ల వెనక ఇలాంటి ‘ఆఫ్’ నిలవదు. మీలో ఎవరో ఒకరు అంటే ‘వన్ ఆఫ్ యు’, మీలో ఎవరూ అంటే ‘నన్ ఆఫ్ యు’.

ఆరో మెట్టు: చివర వేలాడే ప్రిపోజిషన్‌ను వదిలేయకండి

తెలుగులో వాక్యాన్ని విశేషణంగా మార్చినప్పుడు విభక్తి మాయమవుతుంది. ‘కుర్చీలో కూర్చున్నాను’ అన్నది ‘నేను కూర్చున్న కుర్చీ’ అవుతుంది, ‘లో’ ఎటు పోయిందో ఎవరూ అడగరు. ఈ అలవాటుతోనే ‘నాకు మాట్లాడుకోవడానికి ఎవరైనా కావాలి’ అన్నదాన్ని ‘ఐ నీడ్ సమ్‌వన్ టు టాక్’ అని ఆపేస్తాం. అలా ఆపితే, మాట్లాడే పని ఆ వచ్చినవారిదే, వక్తను వెతుకుతున్నట్టు. తోడు కావాలంటే ‘సమ్‌వన్ టు టాక్ టు’ అనాలి. చివర ఒంటరిగా మిగిలిన ఆ ‘టు’ అందంగా కనబడకపోయినా అదే వాక్యానికి ప్రాణం.

ఈ తరహావి రోజూ పనికొస్తాయి. ‘భయపడాల్సిందేమీ లేదు’ అనడానికి ‘నథింగ్ టు బి అఫ్రేడ్ ఆఫ్’, ‘రాసుకోవడానికి ఏదైనా ఇవ్వండి’ అని పెన్ను అడిగితే ‘సమ్‌థింగ్ టు రైట్ విత్’, అదే కాగితం అడిగితే ‘సమ్‌థింగ్ టు రైట్ ఆన్’. మన వాక్యం పెన్నుకూ కాగితానికీ తేడా చూపదు, ఇంగ్లీషు ప్రిపోజిషన్ చూపుతుంది. ‘నాతో పనిచేసే ఒకరు’ అన్నది ‘సమ్‌వన్ ఐ వర్క్ విత్’. వాక్యం రాశాక దాన్ని విప్పి చూసుకోండి. ‘ఐ వర్క్ విత్ సమ్‌వన్’లో ‘విత్’ ఉంటే, తిరగేసినప్పుడు కూడా ఎక్కడో ఒకచోట అది ఉండితీరాలి.

ఏడో మెట్టు: ‘ఎల్స్’, ‘బట్’, విశేషణం

‘కొత్తవాళ్లు ఎవరితోనో’ అన్నప్పుడు విశేషణం మనకు ముందు వస్తుంది. ఇంగ్లీషులో ఈ సర్వనామాల వెనక వస్తుంది: ‘విత్ సమ్‌వన్ న్యూ’. ‘ఎల్స్’ కూడా వెనకే: ‘విత్ సమ్‌వన్ ఎల్స్’. ‘వేరే ఎవరి టేబుల్ మీదో’ అని స్వామ్యం చెప్పాలంటే ఎస్‌ను ‘ఎల్స్’కే తగిలించి ‘ఆన్ సమ్‌వన్ ఎల్సెస్ టేబుల్’ అనాలి.

పోలికల్లో మనం ‘అందరికంటే’ అంటాం, ఇంగ్లీషు ‘దేన్ ఎనీవన్ ఎల్స్’ అంటుంది. ‘ఆమెకు పాతబస్తీ అందరికంటే బాగా తెలుసు’ అంటే ‘షి నోస్ ది ఓల్డ్ సిటీ బెటర్ దేన్ ఎనీవన్ ఎల్స్’. ఆ ‘ఎల్స్’ ఎందుకంటే, అది లేకపోతే ఆమె కూడా ఆ ‘ఎనీవన్’లో ఒకరవుతుంది కాబట్టి తనను తాను మించినట్టవుతుంది.

‘తప్ప’ అనే అర్థంలో వచ్చే ‘బట్’ కూడా ప్రిపోజిషనే: ‘నో వన్ బట్ హిమ్’. ఇందులో రెండు జంట ప్రయోగాలను కలగాపులగం చేస్తే అర్థం తలకిందులవుతుంది. ‘నథింగ్ బట్ ట్రబుల్’ అంటే ఇబ్బంది తప్ప మరేమీ కాదని. ‘ఎనీథింగ్ బట్ ఈజీ’ అంటే ఇంకేదైనా అనండి గానీ సులువని మాత్రం అనకండని, అంటే బొత్తిగా సులువు కాదని. ఉద్యోగ ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ ఎనీథింగ్ బట్ సిన్సియర్’ అన్న అభ్యర్థి తన గొయ్యి తానే తవ్వుకున్నట్టు.

ఇక వాడుకలో గడ్డకట్టిన పదబంధాలకు ఈ మెట్లేవీ వర్తించవు, ఉన్నవి ఉన్నట్టు నేర్చుకోవలసిందే. ‘ఫర్ నథింగ్’ అంటే సందర్భాన్ని బట్టి ఉచితంగా, లేదా వృథాగా. ‘నెక్స్ట్ టు నథింగ్’ అంటే దాదాపు ఏమీ లేనంత. ‘అబవ్ ఆల్’ అంటే అన్నిటికంటే ముఖ్యంగా. మన ఊళ్లో వాన గురించి, ట్రాఫిక్ గురించి అందరూ అనే ‘లైక్ ఎనీథింగ్’ కూడా ఈ కోవలోదే. ‘ఇట్ రెయిన్డ్ లైక్ ఎనీథింగ్’ అని స్నేహితులతో నిశ్చింతగా అనండి, అది తప్పు కాదు. దరఖాస్తులోనూ ఆఫీసు నివేదికలోనూ మాత్రం దాని బదులు వాన ఎంత కురిసిందో రాయండి.